మూఢం వెళ్ళాక డాట్ కామ్

మలేషియా డీలరు ఫోన్లో అడిగింది ఒక్కటే. "మీ వెబ్‌సైట్ పేరు చెప్పండి సార్, దీపావళి సరుకు అందులో చూసి ఆర్డరిస్తాను."

"తప్పకుండానండీ, ఈ నెలాఖరుకల్లా చెప్తాను" అని మా ఆయన గోవర్ధనరావుగారు ఫోన్ పెట్టేశారు. అది రెండువేల ఒకటో సంవత్సరం. మా ఇంట్లో కంప్యూటరు లేదు. బందరులో మా కవరింగ్ నగల కార్ఖానాలో ఉన్న కాలిక్యులేటరు కూడా రబ్బరు బ్యాండు వేస్తేగానీ పని చేయదు. చెన్నై వ్యాపారులు ఆ ఏడు సరుకు తీసుకోవడం మానేశారు. ఈ ఆర్డరు కూడా రాకపోతే పండక్కి కార్ఖానాకు తాళమే.

కోనేరు సెంటర్లో నెట్ సెంటర్ నడిపే జకరయ్య దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. "పేరు చిన్నదిగా ఉండాలండీ. ఫోన్లో ఒకసారి చెప్తే అవతలివాళ్ళు రాసుకునేట్టుండాలి. ఇంకో సంగతి, ముందు ఎవరు బుక్ చేసుకుంటే పేరు వాళ్ళది" అన్నాడు. మొదటి రెండు ముక్కలు మా ఆయనకు నచ్చలేదు. మూడోది ఆయన వినలేదు.

ఆయన మనసులో ఉన్నది మా కొట్టు బోర్డు. అది సగం పక్క టైలరు కొట్టు మీదికి పాకి ఉంటుంది. అందులో ముందు ఇలవేల్పు, తర్వాత మామగారు, అత్తగారు, ఇంకా చోటు మిగిలితే సరుకు.

"పేరులో గోల్డ్ అని ఉండాలోయ్" అన్నారు ఇంటికి వచ్చాక.

"మనం అమ్మేది కవరింగ్ కదండీ?"

"అది అందరికీ తెలిసిందేగా, మళ్ళీ చెప్పడమెందుకు?"

"అందరికీ తెలిస్తే గోల్డ్ అనడమెందుకు?"

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన వాదనలన్నీ ఆ పేపరే గెలిచిపెడుతోంది.

మా ఇంట్లో ఏ శుభకార్యమైనా పెద్దల్లుడు నాంచారయ్యగారు ఔనన్నాకే. మా ఆయన అక్క దుర్గ వదిన భర్త ఆయన. గుడివాడలో రైసు మిల్లు. కంప్యూటరును రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో అద్దం ఇవతల నుంచి చూశారు. ఆ అనుభవంతో సలహా చెప్పడానికి వచ్చారు.

"ఇంటి అల్లుడి పేరు లేకుండా ఏం శుభంరా బావమరిదీ?"

"మీ పేరు పెడితే బియ్యం అనుకుంటారు బావగారూ."

నేను పెసరట్లు వడ్డిస్తూ, "మసులా మెరుపు అంటే ఎలా ఉంటుంది?" అన్నాను. "ఓడల కాలంలో దొరలు మన ఊరిని మసులా అనే పిలిచేవాళ్ళు. పైదేశం వాళ్ళకు నోరు తిరుగుతుంది. మెరుపంటారా, మన సరుకు మెరవడం నిజమే. బంగారమని ఒట్టు వేసినట్టూ కాదు."

ఇద్దరూ నాకేసి కాకుండా అల్లం పచ్చడికేసి చూశారు. రెండో పెసరట్టు సగంలో ఉండగా మా ఆయన తల ఎగరేసి, "ఇప్పుడే తట్టింది బావగారూ! మసులా మెరుపు డాట్ కామ్!" అన్నారు.

"బుర్రంటే నీదిరా!" అన్నారు నాంచారయ్యగారు. నేను ఖాళీ పళ్ళేలు తీశాను.

వెంటనే బుక్ చేయాల్సింది. కానీ అప్పుడు శుక్రమూఢం నడుస్తోంది. నెలాఖరుకు ముందు వచ్చే గురువారం దాకా మంచిరోజు లేదన్నారు పంతులుగారు. "ఇవాళే బుక్ చేసేసి, పూజ అప్పుడు చేసుకోండి సార్" అని జకరయ్య మొత్తుకున్నాడు.

"పిల్లాడికి ముందు పేరు రిజిస్టరు చేసి తర్వాత బారసాల చేస్తామటయ్యా?" అన్నారు మా ఆయన.

కార్డులు అచ్చు వేయించడానికి మాత్రం మూఢం అడ్డం రాలేదు. 'మసులా మెరుపు డాట్ కామ్ ప్రారంభోత్సవం' అని మెరిసే అక్షరాలతో కొట్టించి, చల్లపల్లి నుంచి నాగాయలంక దాకా పంచారు. ఆనవాయితీ ప్రకారం మొదటి కార్డు పసుపు పెట్టి పెద్దల్లుడికే ఇచ్చి వచ్చారు.

గురువారం నెట్ సెంటర్ కిటకిటలాడింది. మానిటరుకు దండ వేసి బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టబోతుంటే జకరయ్య కీబోర్డును ఎత్తి గుండెలకు హత్తుకున్నాడు. హారతి అయ్యాక పేరు టైపు చేసి, తెల్లమొహం వేశాడు.

"పోయిందండీ."

"కరెంటా?" అన్నారు మా ఆయన.

"పేరండీ. ఎవరో బుక్ చేసేశారు. ఉండండి, ఎవరో కనపడుతోంది... గుడివాడ, నాంచారయ్య."

అందరూ వెనక్కి తిరిగారు. నాంచారయ్యగారు పట్టు కండువా సర్దుకున్నారు.

"బావగారూ! మూఢంలో బుక్ చేశారా?"

"నేను కొత్త పనేం మొదలెట్టలేదు. నువ్వు పేరు ఊరంతా పంచిపెడుతుంటే ఎవడూ ఎత్తుకుపోకుండా మిల్లు గుమస్తా చేత బుక్ చేయించి భద్రం చేశా." ఆయన జేబులోంచి కార్డు తీశారు. "ఇదేంటి? జ్యోతి వెలిగించేది వర్తక సంఘం ప్రెసిడెంటు. రిబ్బను కత్తిరించేది ఆయన తోడల్లుడు. మరి ఇంటి పెద్దల్లుడేడీ? అడుగున, బంధుమిత్రుల్లో కలిసిపోయాడు!"

"పొరపాటైంది బావగారూ."

"అయితే దిద్దుకో. సైటు మొదటి పేజీలో మా దంపతుల ఫోటో వెయ్యి, కింద నా పేరు. అప్పుడిస్తా."

"నగలు చూద్దామని వచ్చినవాడికి మీ ఫోటో ఏంటండీ? రేపు ఆ మలేషియా ఆయన ఫోన్ చేస్తే నేనేం చెప్పను?" అన్నారు మా ఆయన. కార్ఖానా ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి ఆయననే చూస్తున్నారు.

"అన్నయ్యగారు అడిగింది న్యాయమేనండీ" అన్నాను నేను. పూజలో పెట్టిన నగల పెట్టె తెరిచి, దుర్గ వదినకు వడ్డాణం, కాసులపేరు, గాజులు తొడిగాను. "మొదటి పేజీలో కూర్చున్న మనిషి ఒంటి మీద మన సరుకే ఉండాలి. అసలు బంగారంతో ఫోటో వేస్తే మోసం కదూ? కింద ఇలా రాయిద్దాం: గుడివాడ నాంచారయ్యగారి సతీమణి ధరించినవి మా కవరింగ్ నగలు."

నాంచారయ్యగారి మొహం మాడిపోయింది. "గిల్టా! మా ఆవిడ ఒంటి మీద గిల్టు నగలా! ప్రపంచమంతా చూసేదాన్లోనా!"

"ప్రపంచం చూస్తే నష్టం లేదు అన్నయ్యగారూ. గుడివాడ కూడా చూస్తుంది."

ఆయన జకరయ్యను మూలకు లాక్కెళ్ళి, చెవిలో పాస్‌వర్డ్ చెప్పారు. ఆ పూటే పేరు మా ఆయనది అయింది. "ఫోటో మాత్రం వద్దు. అదే నా షరతు" అన్నారు నాంచారయ్యగారు.

దుర్గ వదిన అప్పటిదాకా పక్కన ఆపేసి ఉన్న మానిటరు అద్దంలో తన వడ్డాణం చూసుకుంటోంది. "ఎందుకు వద్దండీ? నా నగలకు బ్యాంకు లాకరు తప్ప లోకం తెలీదు. వీటినన్నా నలుగురూ చూడనివ్వండి. ఒరే తమ్ముడూ, ఫోటోవాణ్ణి పిలువు."

"దుర్గా!"

"మీరూ దిగుతారా పక్కన?"

ఆయన దిగలేదు.

పక్క ఎస్టీడీ బూత్ నుంచి మా ఆయన మలేషియాకు ఫోన్ చేసి పేరు చెప్పారు. డీలరు ఒక్కసారికే రాసుకున్నాడట. నగలూ, వదిన ఫోటో సైటులోకి ఎక్కాక ఆర్డరు వచ్చింది. గాజులకంటే ఎక్కువగా, ఫోటోలో ఆవిడ పెట్టుకున్న వడ్డాణం కావాలట. కార్ఖానాలో ఇప్పుడు ఊపిరాడని పని. పేరు పెట్టింది తానని మా ఆయనా, పేరు కాపాడింది తానని బావగారూ చెప్పుకుంటున్నారు. ముహూర్తబలం అంటున్నారు పంతులుగారు.

గుడివాడ బస్టాండు ఎదుట ఎవరో నెట్ సెంటర్ తెరిచాక నాంచారయ్యగారు మిల్లుకు చుట్టుతోవన వెళ్తున్నారు. వదిన మాత్రం లోపలికే వెళ్ళి, అద్దె కట్టి కూర్చుని, తన ఫోటో తెర మీద పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంటే చూస్తోందట. సరిగ్గా వడ్డాణం దగ్గరికొచ్చేసరికి కరెంటు పోతోందని ఒకటే బాధ.