తప్పు చెప్పే పిల్ల

వెంకటేశ్వర్లు సారు ఏడో తరగతిలో తప్పు చెప్పే పిల్ల కోసం వెతికాడు. సంతలో దూడల్ని చూసినట్టు ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, కిటికీ పక్కన కూర్చున్న కేథరిన్ ముందు ఆగాడు.

"నువ్వు సరిపోతావు. నోరు పెగలదు, మొహం కూడా తగినట్టే ఉంది. లెయ్."

కేథరిన్ లేచింది. దేనికి సరిపోతుందో ఆమెకు తెలియలేదు.

శనివారం వాళ్ల బడిలో చుట్టుపక్కల ఊళ్ల టీచర్ల సమావేశం. పాఠం ఎలా చెబితే పిల్లల తలకెక్కుతుందో టీచర్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి పెట్టుకున్నది అది. ఈసారి అందరి ముందు నమూనా పాఠం చెప్పే పని వెంకటేశ్వర్లు సారుకు పడింది. ఆ పాఠంలో వెనకబడిన పిల్ల ఒకతె ఉండాలి. ఆమె తప్పు చెప్పాలి. సారు విసుక్కోకుండా రంగు కాగితాల పట్టీలు చూపించి ఆ తప్పు దిద్దాలి.

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడుగుతా. నువ్వు నాలుగో వంతు అనాలి. ఎందుకంటే మూడు కన్నా నాలుగు పెద్దది గదా సార్ అనాలి."

"మూడో వంతే పెద్దది గదా సార్," అంది కేథరిన్ నేల చూస్తూ.

"అది ముందు బల్ల అరుణకుమారి చెప్తది. నీకిచ్చిన మాట నువ్వు చెప్పు."

ఇక ఆ వారమంతా వేరే పాఠం లేదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ చెయ్యెత్తాలో, ఎక్కడ ఇప్పుడే తెలిసినట్టు కళ్లు పెద్దవి చెయ్యాలో అదే చదువైంది. పిల్లలతో ప్రేమగా ఎలా ఉండాలో చూపించే పాఠం అది. అందులో మాట మరిచిపోయిన వాళ్ల చెవి మాత్రం సారు చేతిలో నలిగిపోయేది. కేథరిన్ చెవి రెండుసార్లు నలిగింది. తప్పు చెప్పమన్నచోట నోరు జారి ఒప్పు చెప్పినందుకు.

వెనక బల్ల మహేష్‌కు మంచి పేరు దొరికింది. "ఏయ్ నాలుగో వంతూ, పెన్సిలియ్యి!" అనేవాడు. మిగతావాళ్లు కిసుక్కుమనేవాళ్లు.

కేథరిన్ అమ్మ పిచ్చమ్మ ఆ బడిలోనే మధ్యాహ్నం అన్నం వండుతుంది. సంగతి సగం విని సంబరపడిపోయింది. "సారు నిన్ను పాఠంలో నిలబెడుతుండాడంట గదా! టీ ఇచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి ఇంటాలే. మీ నాయనకు కూడా చెప్పినా."

"నన్ను తప్పు చెప్పమన్నాడమ్మా."

"సారోళ్లు అట్ల చెప్పమంటారా ఎక్కడన్నా? సరిగా ఇనుండవు. అన్నం తిను."

కేథరిన్ ముద్ద కలుపుతూనే కూర్చుంది. ఊళ్లో ఎవరేమనుకున్నా పోనీ, అమ్మ వింటూ ఉండగా తెలిసిన జవాబు తెలియనట్టు ఎలా చెప్పడం?

శనివారం సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గదంతా గుప్పుమనేలా సెంటు కొట్టుకుని వచ్చాడు. వెనక కుర్చీల్లో టీచర్లు నిండిపోయారు. కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, ఇద్దరు బదిలీల గురించి గుసగుసలాడుతున్నారు, ఒకాయన తల అప్పుడే వాలిపోతోంది. ముందు వరసలో భారతి మేడం ఒక్కతే కాగితం మీద ఏదో రాసుకుంటోంది.

సారు గొంతు మారిపోయింది. పాకంలో ముంచి తీసినట్టుంది. "లే తల్లీ కేథరిన్. భయపడకు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

తల్లీ! ఆ మాట ఒంటి మీద జెర్రి పాకినట్టయింది కేథరిన్‌కు. వాకిలి వైపు చూసింది. అమ్మ టీ పళ్లెం పట్టుకుని, కొంగు భుజం మీద సర్దుకుని, నవ్వుమొహంతో నిలబడి ఉంది.

"మూడో వంతు సార్," అంది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. అరుణకుమారి ఉలిక్కిపడి తల తిప్పింది.

సారు నవ్వు మొహం మీద అలాగే ఉంది. టీచర్ల వైపు తిరిగాడు.

"చూశారా! నాలుగు పెద్ద అంకె కాబట్టి నాలుగో వంతు పెద్దదనుకుంది. ఈ పొరపాటు మన ప్రతి తరగతిలోనూ ఉంటుంది. ఇక్కడే మనం ఓపిక పట్టాలి." వచ్చి కేథరిన్ తల నిమిరాడు. "తప్పు చెయ్యడం తప్పు కాదు తల్లీ."

వాకిట్లో పిచ్చమ్మ నవ్వు వాడిపోయింది.

"సార్, నేను మూడో వంతే అన్నాను."

"అద్భుతం!" సారు చప్పట్లు కొట్టాడు. "ఎంత తొందరగా దిద్దుకుందో చూడండి!"

కాగితం పట్టీలు ఇంకా కవర్లోనే ఉన్నాయి. ఎందుకైనా మంచిదని అవి కూడా తీసి చూపించాడు. టీచర్లంతా చప్పట్లు కొట్టారు. ఆ మోతకు నిద్రపోతున్నాయన లేచి, అందరికన్నా ఎక్కువసేపు కొట్టాడు.

టీ తాగేటప్పుడు భారతి మేడం మెల్లగా దగ్గరికొచ్చింది. "నువ్వు మొదటే సరిగా చెప్పినావు. నేను విన్నాను పాపా."

"మరి అక్కడ చెప్పలేదేం మేడం?"

మేడం చుట్టూ చూసింది. "ఉత్తమ టీచరు బహుమతికి ఆయన పేరు పైకి పంపుతున్నారంట. మధ్యలో మనకెందుకులే." లడ్డూ ఒకటి కేథరిన్ చేతిలో పెట్టి పోయింది. కేథరిన్ దాన్ని ఎంగిలి గ్లాసుల పళ్లెంలో పెట్టేసి, చెయ్యి పావడాకు తుడుచుకుంది.

గ్లాసులు కడుగుతూ పిచ్చమ్మ అడిగింది. "అంతమందిలో తప్పు చెప్పినావేందమ్మా?"

"సరిగానే చెప్పినానమ్మా."

"మరి సారు దిద్దినాడు గదా?"

కేథరిన్ కడిగిన గ్లాసు ఒకటి తీసి తుడవడం మొదలుపెట్టింది.

సోమవారం సారు ఫోను పట్టుకుని హుషారుగా వచ్చాడు. పాఠం వీడియో తీసి పంపమన్నారట. "కేథరిన్, లెయ్. ఈసారి నీ మాట సరిగా చెప్పాల."

"నాకు రాదు సార్."

"ఏంది రానిది?"

"తప్పు చెప్పడం."

సారు చెయ్యి ఆమె చెవి వైపు లేచింది కాని, ఇంకో చేతిలోని ఫోనులో వీడియో అప్పటికే నడుస్తోంది. చెయ్యి దించుకున్నాడు. "నిలబడు గోడకు! మహేష్, నువ్వు లెయ్‌రా. ఏది పెద్దది?"

"నాలుగో వంతు సార్!"

"ఎందుకు?"

"మూడు కన్నా నాలుగు పెద్దది గదా సార్."

"శభాష్!"

గోడ దగ్గరి నుంచి కేథరిన్ మహేష్ మొహం చూసింది. వాడు నటించడం లేదు. వారమంతా విన్నది విన్నట్టే వాడి తలకెక్కింది. పట్టీలు చూపించేటప్పుడు సారు వాటిని ఫోను వైపు తిప్పాడు. వాడికి సారు వీపే కనపడింది.

బెల్లు కొట్టగానే సారు వీడియో చూసుకుంటూ వెళ్లిపోయాడు. కేథరిన్ బల్ల మీది పట్టీలు తీసి మహేష్ ముందు పడేసింది. ఇష్టం లేకుండానే పక్కన కూర్చుంది.

"మూడో వంతు మీద నాలుగో వంతు పెట్టు."

"నాకెందుకే నాలుగో వంతూ?"

"పెట్టరా."

పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు. తలకిందులు చేసి పెట్టాడు.

"ఇదేంది, చిన్నగుంది?"

"ఆ."

వాడు పట్టీ వంక, సారు పోయిన వాకిలి వంక చూసి తల గోక్కున్నాడు.

"మరి సారు శభాష్ అన్నాడు గదా?"