గోడలో కింది వరుస

నేను ఒక జానెడు ప్లాస్టిక్ పైపు ముక్కను. రెండు వైపులా నోరే, ఎటూ మూత లేదు. నన్ను కోయగా మిగిలిన పైపు ఎవరింటి కొళాయికో చేరి మంచినీళ్ళు మోస్తోంది. నా రాత మాత్రం ఎర్రనీళ్ళ పాలైంది.

ఇక్కడి బొగ్గు గని మూతపడి ఇరవై ఏళ్ళయింది. బొగ్గు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు. తుప్పు రంగులో, చేపపిల్ల కూడా బతకనంత పులుపుగా ఉబికి వచ్చే ఆ నీళ్ళను శుద్ధిచేసే మడుగుదాకా ఒక రాతి కాలువ మోసుకుపోయేది. రాళ్ళ సందుల్లోంచి కారీ కారీ అది పోశక్క బావిని పాడుచేసింది. ఆమె ఎకరం కూరగాయల తోటకు ఆ బావే దిక్కు. మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగితే, చివరికి కాలువకు కొత్త కాంక్రీటు గోడలు కట్టమని ఉత్తర్వు వచ్చింది.

కట్టడానికి వచ్చినవాడు పాలమూరు మేస్త్రీ కుర్మయ్య. ముప్ఫై ఏళ్ళు పొలాలకు నీళ్ళిచ్చే కాలువలు కట్టిన చెయ్యి. అలాంటి గోడలకు బొక్కలు వదలాలి, లేకపోతే వెనక నేలలో ఊరిన నీరు గోడను తోసేస్తుంది. ఆ అలవాటుతోనే ఇక్కడా నాలాంటి ముక్కలను రెండు వరుసలుగా గుచ్చుకుంటూ పోయాడు. విషం దాటకూడని గోడకు బొక్కలేమిటని ఒక్కరూ అడగలేదు. చదువుకున్న ఇంజనీరు కూడా "వరుస భలే కుదిరిందయ్యా!" అని మెచ్చుకుని జీపెక్కాడు. ఏం చెప్పమంటారు ఈ మనుషుల గురించి! పోశక్క అయితే సంబరంతో కూలీలందరికీ అంబలి పోసింది.

వానాకాలం బాగానే గడిచింది. నేలలోని నీరు నాలోంచి కాలువలోకి వచ్చేది. బావి తేటపడింది, పోశక్క బీర, కాకర పెట్టింది. ఎండలు ముదిరి నేలలో నీరు అడుక్కి దిగాక, కాలువ నీరే నాలోంచి వెనక్కి, ఆమె బావివైపు నడిచింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆపే శక్తి నాకెక్కడిది?

"కొత్త గోడమ్మా, కారదు," అన్నారు ఆఫీసులో. ఆమె కుర్మయ్యకు ఫోన్ చేసింది. అతను రెండు బస్సులు మారి వచ్చి, నాలో వేలు పెట్టి చూశాడు. వేలు ఎర్రబడింది.

"తప్పు నాదే అక్కా. పొలం కాలువ లెక్కనే జేసిన. నా చేతులిరగ!"

"ఇప్పుడేం జేద్దాం కుర్మన్నా? తోట ఎండుతాంది."

నాతో సహా పై వరుసంతా పీకి, బొక్కలు పూడ్చాడు. కింది వరుస ఎర్రబురదలో మునిగి ఉంది. దాన్ని అందుకోవాలంటే గని నీళ్ళను వారం రోజులు వేరే దారి మళ్ళించాలి. అది ఆఫీసువాళ్ళ చేతిలో పని.

మర్నాడు ఇద్దరూ నన్ను తీసుకెళ్ళి అధికారి బల్లమీద పెట్టారు. ఒప్పుకుంటే కాంట్రాక్టరు ఇక పనికి పిలవడని తెలిసి కూడా, తప్పు తనదేనని కుర్మయ్య చేతులు జోడించి చెప్పాడు. అధికారి నన్ను తిప్పి తిప్పి చూశాడు.

"పని పూర్తయిందని రాసేశాం కదా!"

"రాసుడు పూర్తయింది సారూ, కారుడు పూర్తికాలే," అంది పోశక్క.

"చూద్దాం," అన్నాడాయన. ఆమె అర్జీ ఫ్యాను గాలికి ఎగరకుండా దానిమీద నన్ను పెట్టాడు. అప్పటినుంచీ ఇదే నా ఉద్యోగం.

పోశక్క నెలకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. పోయినసారి బంట్రోతు ఊరుకోలేక, "తోట ఎట్లున్నదక్కా?" అని అడిగాడు.

"తోటెక్కడిది తమ్మీ, కూలికి పోతున్న."

అధికారి తలెత్తలేదు. అక్కడ గోడలో కింది వరుస మాత్రం ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా పని చేస్తూనే ఉంది.