ఇంటర్ లేని ర్యాంకు

విజయమ్మకు ఎం.ఏ. తెలుగు ఎంట్రన్స్‌లో అరవై ఒకటో ర్యాంకు వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషికి, అదీ బోయిగూడ బైండింగ్ దుకాణంలో ఇరవై ఏళ్లుగా ఎవరెవరి థీసిస్‌లకో అట్టలు వేస్తున్న మనిషికి అంత ర్యాంకు ఎలా వచ్చిందని వాడకట్టంతా ముక్కున వేలేసుకుంది. ఎలా వస్తుంది? చదివితే వచ్చింది.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సికింద్రాబాద్‌లో యూనివర్సిటీ వాళ్లు సర్టిఫికెట్లు చూసే హాల్లో ఆ పూజారి పేరు నరసరాజు, సూపరింటెండెంటు. చెడ్డవాడేం కాదు. అందరినీ అమ్మా, బాబూ అనే పిలుస్తాడు, అలా పిలుస్తూనే వెనక్కి పంపేస్తాడు. విజయమ్మ ఫైలు తిరగేసి, టెన్త్ మెమో చూసి, డిగ్రీ చూసి, మధ్యలో ఇంటర్ మెమో ఏదమ్మా అని అడిగాడు.

ఇంటర్ లేదు. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. నలభై దాటాక, ఇంటర్ లేనివాళ్ల కోసం ఓపెన్ యూనివర్సిటీ పెట్టే అర్హత పరీక్ష రాసి, మూడేళ్ల బి.ఏ. పూర్తి చేసింది. ఆ సంగతే చెప్పింది. నరసరాజు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, అలాంటి డిగ్రీ ఇక్కడ పనికిరాదనీ, ఓపెన్‌లో ఇంటర్ కట్టి పాసయ్యాక రమ్మనీ చెప్పి, వెనకవాళ్ల ఫైలుకు చెయ్యి చాచాడు. ఇవాళే ఆఖరి రోజు. కుర్చీలోంచి లేస్తే సీటు అరవై రెండో ర్యాంకుకు పోతుంది.

విజయమ్మ లేవలేదు. కోపంతో చెవులు వేడెక్కాయి. ప్రాస్పెక్టస్ ఆమె మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో మూడేళ్ల డిగ్రీ చాలని అందులో ఉంది, ఇంటర్ ఊసే లేదు. ఆ పేజీ తీసి ముందు పెట్టింది. నరసరాజు ఆ పేజీని పక్కకు జరిపి, రూలు వేరేగా ఉందన్నాడు.

"అయితే గా రూలు నంబరేసి, నాకు సీటెందుకు ఇస్తలేరో కాయితం మీద రాసియ్యుండ్రి సార్."

నరసరాజు కలం కింద పెట్టేశాడు. ఆఫీసుల్లో కాదనేది నోటితో చెప్పేదే కానీ రాసిచ్చేది కాదు. రాస్తే సంతకం పెట్టాలి, సంతకం పెడితే రేపు జవాబు చెప్పాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇలా నోటిమాటతోనే ఎంతమందిని ఇంటికి పంపారో, ఎంతమంది అది నిజమని నమ్మి పుస్తకాలు అటకెక్కించారో!

పక్కన నిలబడ్డ కూతురు సృజన సిగ్గుతో చచ్చిపోతూ, పోదాం పా అని కొంగు లాగింది. లైన్లో సణుగుడు మొదలైంది.

"నువ్వు కూసోని చదువుకున్నవు బిడ్డా. నేను నిలబడి పని చేసుకుంట చదివిన. జెరసేపు గీ కుర్చీల కూసుంటే ఏమైతది?"

సృజన కొంగు వదిలేసింది.

"పంతం పట్టకండమ్మా, రాదని చెబుతున్నాను కదండీ," అన్నాడు నరసరాజు.

"నోటిమాటకు అట్ట ఎయ్యరాదు సార్. కాయితం ఉండాలె."

లైన్లో ఎవరో నవ్వారు. నరసరాజు విసురుగా తెల్లకాగితం లాగి, అభ్యర్థి అర్హురాలు కాదు, నిబంధన సంఖ్య, అని రాసి ఆగిపోయాడు. రూల్సు ఫైలు తెరిచాడు. ముందుకీ వెనక్కీ తిప్పాడు. చివరికి ఫైలు చంకన పెట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లాడు. విజయమ్మ కుర్చీ వదల్లేదు. ఈ సీటు పోతే మళ్లీ పుస్తకం పట్టే ఓపిక తనకు ఉండదని ఆమెకు తెలుసు.

అరగంటకు నరసరాజు తిరిగొచ్చాడు. అలాంటి రూలేదీ దొరకలేదు కాబోలు, రాసిన కాగితం చింపేసి, ఆమె ఫైలు మీద అర్హురాలని ముద్ర కొట్టాడు. తలెత్తకుండానే మాట్లాడాడు.

"మీది బోయిగూడ కదండీ, ఈ పక్క కాలేజీలోనే వేసేస్తాను. ఈ వయసులో యూనివర్సిటీ క్యాంపస్ దాకా ఏం తిరుగుతారు?"

సృజన హమ్మయ్య అనుకుంది. విజయమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"దగ్గరిదొద్దు సార్. నా ర్యాంకుకు క్యాంపస్‌ల సీటొస్తది. గదే రాయుండ్రి."