డాక్టరమ్మ కాదు, నర్సు

కోలారు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్ బజారులో కట్టిన బ్యానరు చూడగానే దాక్షాయణికి ఒళ్ళు మండిపోయింది. ‘డాక్టర్ బ్రిగేడియర్ దాక్షాయణి గారికి ఘన సన్మానం’ అట! ఎవరమ్మా డాక్టరు? ముప్పై ఐదేళ్ళు సైన్యంలో నర్సుగా పనిచేసి, మిలిటరీ నర్సుల్లో పెద్ద హోదాలో రిటైరై వచ్చిన మనిషి ఆమె. యుద్ధంలో కాళ్ళు తెగిన కుర్రాళ్ళకు రాత్రింబవళ్ళు కట్లు కట్టి బతికించింది. కల్నళ్ళు లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు. సొంత ఊరికి మాత్రం నర్సు అనే మాట నోట రాదు.

“నాయన మొదలుపెట్టిందే గదక్కా,” అన్నాడు తమ్ముడు పద్మనాభ, బియ్యం అంగడిలో గల్లా ముందు కూర్చుని. “గనులు సర్కారోళ్ళ చేతికి వచ్చిన సంవత్సరమే నువ్వు పోతివి. శెట్టి కూతురు మగోళ్ళ ఒళ్ళు తుడిచేదానికి పోయిందంటే బజార్లో తలెత్తుకునేది ఎట్ల? డాక్టరు సదువుకు పోయిందని చెప్పినాడు. ఇంగ ఇప్పుడెందుకు కెలుకుతావు?”

కెలకాలనే ఉంది ఆమెకు. పద్మనాభ కూతురు నాగరత్న మిలిటరీ నర్సింగులో చేరతానని ఏడాదిగా పోరుతోంది. “డాక్టరమ్మ మేనకోడలు బెడ్‌పాన్లు ఎత్తల్నా?” అని తండ్రి కొట్టిపారేస్తున్నాడు. ఆనాటి అబద్ధం ఇప్పుడు ఈ పిల్లకు అడ్డం పడింది.

సాయంత్రం సభలో శాలువా కప్పారు. దాక్షాయణి మైకు అందుకుని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

“నేను డాక్టర్ని కాదు, నర్సుని. చీము కడిగినాను, మలమూత్రాలెత్తినాను. ఆ పనితోనే బ్రిగేడియరైనాను. మా నాగరత్నా నర్సే అవుతాది.”

పద్మనాభ ఏమాత్రం తడబడలేదు. గబగబా వేదికెక్కి, కళ్ళొత్తుకుంటూ మైకు లాక్కున్నాడు.

“చూసినారా అప్పా! ఇంత పెద్ద డాక్టరై ఉండి, ఉట్టి నర్సునంటాది మా అక్క. ఎంత వినయమో చూడండి!”

చప్పట్లే చప్పట్లు! ముందు వరుసలో ముసలి ఆదిలక్ష్మమ్మ లేచి రెండు చేతులా దండం పెట్టింది. “కాదు, నిజమే చెప్తాండాను!” అని దాక్షాయణి అరిచింది. వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఛీ, ఏం జనం!

మెట్లు దిగేసరికి నాగరత్న ఎదురుగా నిలబడి ఉంది. దాక్షాయణి ఆశగా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

“రేపే నాతో బెంగుళూరుకు బయల్దేరమ్మా. నేను చేర్పిస్తాను.”

నాగరత్న ఇంకా మోగుతున్న చప్పట్ల వైపు ఓసారి చూసి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నువ్వు డాక్టరైతివి. నేను మాత్రం నర్సు కావల్నా అత్తా?”