కొట్టని పిన్ను

కాశిం ఆటోనగర్‌లో లేత్ మిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళయింది. అతని చేతి మీదుగా నాసిరకం పని ఏనాడూ బయటికి పోలేదు, మొన్నటి సింధూరి బండి తప్ప.

బండంటే మూరెడు బొమ్మ జీపు. రిమోటు నొక్కితే రాళ్ళెక్కుతుంది. ఇబ్రహీంపట్నంలో ఇంజనీరైన సింధూరికీ అతనికీ ఆదివారాలు కొండపల్లి కొండ మీద ఇదే పోటీ. వరసగా రెండుసార్లు ఆమే గెలిచింది. మూడో పోటీకి ముందు, "చక్రాల్ని తిప్పే ఈ ప్లాస్టిక్ షాఫ్టులు మెలితిరిగిపోతున్నాయండీ, కాస్త గట్టి చేసి పెట్టరూ?" అని తెచ్చి అతని చేతిలోనే పెట్టింది.

స్టీలు గొట్టం తొడిగి, జిగురు పోసి, అడ్డంగా బెజ్జం వేసి పిన్ను కొట్టాలి. తన బండికి అలాగే చేసుకున్నాడు కాశిం. ఏ పాడుబుద్ధి పుట్టిందో, ఆమె షాఫ్టులకు జిగురుతో సరిపెట్టి, పైన నున్నగా పాలిష్ పట్టాడు.

ఆ ఆదివారం చివరి రాయి దగ్గర ఆమె బండి గింజుకుంది. గొట్టంలో షాఫ్టు ఊరికే తిరుగుతోంది, చక్రాలు కదల్లేదు. కాశిం బండి పక్కనుంచి ఎక్కేసింది.

ముందుగా చప్పట్లు కొట్టింది సింధూరే. "మీ పనికి వంకేముందండీ, నేనే మోటుగా తోలాను," అంది.

కాశిం ఆమె బండిని చేతిలోకి తీసుకున్నాడు. చెప్పేద్దామనుకునేలోగా ఆమె సంచీలోంచి మరో రెండు జతల షాఫ్టులు తీసింది.

"మా ఆఫీసు వాళ్ళవండీ. నాకు చేసినట్టే చేసివ్వండి, చాలు."