నేను చెప్పని ఆరు మెరుపులు

నేను ఒక ఉప్పురాయిని. పప్పులో వేసుకునే ఉప్పును కాదు. సీసియం అనే మెత్తటి లోహానికీ, అయొడిన్‌కీ పుట్టినదాన్ని. చూడటానికి గాజుదిమ్మెలా ఉంటాను. జానెడు మీద నాలుగు వేళ్ల పొడవు, ఎత్తి చూస్తే ఐదు కిలోల బరువు. నాలో ఉన్నది ఒకే ఒక్క గుణం. కంటికి కనిపించని కిరణం వచ్చి తగిలితే ఆకుపచ్చగా మెరుస్తాను. రెప్పపాటులో లక్షో వంతు కూడా ఉండదు ఆ మెరుపు. దాని కోసమే మనుషులు నన్ను చేశారు, మోశారు, చీకట్లో పెట్టారు, చివరికి నా మూలంగా కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు.

పుట్టింది ఒక చలిదేశపు కొలిమిలో. పాకంలోకి దారం వేలాడదీసి పటికబెల్లం కట్టిస్తారు చూడండి, అలాగే కరిగిన ఉప్పులో చిటికెన వేలంత గింజరాయిని ముంచి, తిప్పుతూ తిప్పుతూ రోజుల తరబడి పైకి లాగారు. తొందరపడితే నాలో పగుళ్లు వస్తాయట. ప్రతిదానికీ తొందరపడే మనుషులు నా విషయంలో మాత్రం అంత ఓపిక ఎలా పట్టారో నాకిప్పటికీ వింతే. తరువాత ఒకామె చేతులకు తొడుగులు వేసుకుని నన్ను కోసి, నూనెగుడ్డతో రుద్ది, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. నేను తిన్నగా చూసిన ఆకాశం ఆ కాస్తే.

అక్కడి నుంచి ఓడలో జపాన్ చేరాను. అక్కడ మొరిటా అనే పనివాడు నన్ను తెల్లటి పల్చని పొరలో చుట్టి, తోక వైపు రెండు చిన్న కళ్లను జిగురుతో అంటించాడు. నేను మెరిస్తే ఆ కళ్లు చూసి, తీగ ద్వారా బయటికి కబురు పంపుతాయి. నాలాంటి రాళ్లు ఎనిమిది వేల పైచిలుకు. అన్నింటికీ జిగురు పెట్టింది మొరిటాయే. అంటించాక ఒక్కో రాయినీ రెండు వేళ్లతో తట్టి, వాళ్ల భాషలో ‘ఇక నీ పని’ అనేవాడు. నా వంతు వచ్చినప్పుడు కూడా అన్నాడు. నా నంబరు రెండు వేల మూడు వందల పదహారు.

మమ్మల్నందరినీ ఒక పెద్ద పీపాలా గుండ్రంగా పేర్చారు. ఆ పీపా నడుమ నుంచి సన్నటి గొట్టం పోతుంది. అందులో ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు, ఎదురు వైపు నుంచి వాటికి అద్దంలో నీడల్లాంటి పాజిట్రాన్లు పరుగెత్తుకొచ్చి ఢీకొంటాయి. ఢీకొన్న చోట రెండూ మాయమై, వాటి శక్తిలోంచి కొత్త రేణువులు పుడతాయి. మాకు కావలసినవి కవల రేణువులు. అవి పుట్టీ పుట్టగానే విరిగిపోతాయి, చిన్న చిన్న తునకలుగా నలుదిక్కులా చెదిరిపోతాయి. వెలుగు తునకలు మామీద పడతాయి, మేము మెరుస్తాం. పడటం, మెరవడం, మళ్లీ చీకటి. ఏళ్లు అలాగే గడిచాయి. నిద్రలో కలలు వస్తుంటే లేచి చూసుకునే తీరిక లేని వాడిలా ఉండేదాన్ని.

ఆ కవలల్లో నూటికి తొంభై తొమ్మిది మందివి తెలిసిన చావులే. కానీ ఎప్పుడో, కోట్లలో ఒకటి, వింతగా విరుగుతుందని లెక్కలు వేసేవాళ్లు ఏనాడో చెప్పారు. ఒక కవల మామూలుగా విరిగి తన లెక్కంతా అప్పజెబుతుంది. రెండోది మాత్రం ఒకే ఒక్క తునకను మనకు వదిలి, మిగతా శక్తినంతా ఎవరి కంటా పడని రేణువులతో పంపించేస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే ఏమీ కనిపించకపోవడాన్నే చూడాలి. అంటే ఎనిమిది వేల రాళ్లలో ఏ ఒక్కటీ అదనంగా మెరవకూడదు. మా మౌనమే సాక్ష్యమన్న మాట.

ఇక్కడే నా తప్పు మొదలైంది.

ఒకనాడు పొద్దున భూమి కొద్దిగా కదిలింది. ఆ దేశంలో అది మామూలే, ఎవరూ పట్టించుకోలేదు. కానీ నా తోక దగ్గర జిగురు వెంట్రుక మందాన విడిపోయింది. చల్లగా ఉన్నంతసేపూ ఆ చీలిక మూసుకునే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు, మమ్మల్ని చల్లబరిచే నీళ్లు కాస్త వేడెక్కినప్పుడు, తెరుచుకుంటుంది. అప్పుడు నేను మెరిసినా నా కళ్లు చూడలేవు, నామీద పడ్డ తునక ఎవరి కంటా పడకుండా పోయినట్టే లెక్కకెక్కుతుంది. వాళ్లు మాకు పరీక్ష పెట్టేది యంత్రం ఆపి చల్లబడ్డాక. ఆ పరీక్షలన్నింటిలో నేను మొదటి తరగతే.

హైమ గురించి చెప్పాలి. పలాస పిల్ల. వాళ్లమ్మ ఎర్రమ్మ జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరుతుంది. గుండు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, పుచ్చు ఒక పక్కకు. హైమ హైదరాబాదులో ప్రొఫెసర్ సుభానీ గారి దగ్గర పరిశోధనకు చేరి, ఆరేళ్లుగా ఆ అరుదైన విరగడాన్నే వెతుకుతోంది. సుభానీ గారిది నరసరావుపేట. మా పీపా కట్టకముందు నుంచే ఆయన దాన్ని వెతుకుతున్నారు, ఇరవై ఏళ్లు దాటింది. మరో ఏడాదిలో ఆయన ఉద్యోగ విరమణ.

మీరు అడగవచ్చు, చీకట్లో ఉన్నదానికి ఇవన్నీ ఎలా తెలుసని. తరువాత నన్ను బల్ల మీద పెట్టుకుని హైమ మొరిటాకు చెప్పిందంతా నేను విన్నాను. రాయి ముందు మనుషులు దాచుకోరు.

ఈ పరిశోధకుల లోకంలో ఒక మంచి కట్టుబాటు ఉంది. వెతికే పద్ధతి పూర్తిగా తేల్చుకునేదాకా, అసలు చోట ఏం దొరికిందో ఎవరూ చూడకూడదు. అలా మూసి ఉంచిన చోటునే పెట్టె అంటారు. తమ ఆశ తమ చేతుల్ని ఎక్కడికి లాగుతుందో తెలిసి, తమ కళ్లకు తామే గంతలు కట్టుకుంటారు. మనుషులు తమ గురించి తాము ఇంత నిజంగా ఒప్పుకోవడం నేను ఇంకెక్కడా వినలేదు.

యంత్రం శాశ్వతంగా ఆగిపోయిన ఏడాది హైమ జపాన్‌లోనే ఉండి పెట్టె తెరిచింది. అసలువి కాకపోయినా అలా కనిపించే సంఘటనలు పొరపాటున నాలుగు రావచ్చని లెక్క. పదకొండు వచ్చాయి.

ఆమె కుర్చీలోంచి లేచి గది బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని, తిరిగి వచ్చి మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే. హైదరాబాదుకు ఫోన్ చేసింది. సుభానీ గారు “అమ్మా హైమా, ఇంకోసారి చెప్పమ్మా ఆ అంకె,” అన్నారట. ఆమె చెప్పింది. “ఇంకోసారి,” అన్నారు.

వాళ్లమ్మకు కూడా చెప్పింది. “ఏటమ్మా, దొరికీసినాదా నువ్వెతుకుతున్నది? ఇన్నేళ్లకి!” అని ఎర్రమ్మ కార్ఖానాలో అందరికీ చెప్పుకుంది. ఏం దొరికిందని అడిగితే, “కనిపించనిది దొరికినాది,” అని చెప్పిందట. అంతకంటే సరిగ్గా ఏ పండితుడూ చెప్పలేడు.

మూడు వారాల్లో పెద్ద సభ. అక్కడ చూపించడానికి ఒక అందమైన బొమ్మ గీద్దామనుకుంది హైమ. మా పీపాను విప్పి చాపలా పరిచినట్టు గీసి, పదకొండు సంఘటనల్లోనూ కనిపించకుండా పోయిన శక్తి ఏ వైపు వెళ్లిందో అక్కడొక చుక్క పెడితే, నక్షత్రాలు చెదిరినట్టు కనిపిస్తుందని ఆమె ఊహ.

ఐదు చుక్కలు చెదిరే పడ్డాయి. ఆరు మాత్రం ఒకేచోట, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ చోటు నాది.

ఆమె తేదీలు చూసింది. ఆరూ జూలై, ఆగస్టు నెలలవి. ఆరూ మధ్యాహ్నం వేళవి. బొమ్మ ముందు అలాగే కూర్చుండిపోయింది. టీ చల్లారిపోయిందని మొరిటాతో చెప్పింది, ఎందుకో ఆ ముక్క గుర్తుంచుకుని మరీ.

సుభానీ గారికి ఫోన్ చేసి విషయం చెప్పింది.

“ఆరు చుక్కలు ఒకచోట పడకూడదని ఏముందమ్మా? కాకతాళీయం కావచ్చుగా,” అన్నారాయన.

“కావచ్చు సార్. కాని కాకపోతే?”

“రుజువేదీ? చేతిలో రుజువు లేకుండా ఇరవై ఏళ్ల పనిని ఎట్టా కాదంటాం? ఎవరితోనూ అనబాక ప్రస్తుతానికి.”

“మరి రుజువు తెచ్చుకుంటాను సార్,” అంది హైమ.

అప్పటికి పీపాను విప్పుతున్నారు. కొత్త యంత్రం కట్టడానికి మాలో బాగున్నవాళ్లను ఏరి పక్కన పెట్టే పని మొరిటాదే. ఇప్పటికి అతని జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. హైమ వెళ్లి నా నంబరు చెబితే, ఎందుకని కూడా అడగకుండా నిచ్చెనెక్కి నన్ను బయటికి లాగాడు. పన్నెండేళ్ల తరువాత గది వెలుతురు నా చుట్టూ పరుచుకుంది. నా ఒంటి మీద పొర ఉండబట్టి నాకు తెలిసింది వెచ్చదనం మాత్రమే.

నన్ను నల్లటి పెట్టెలో బల్ల మీద పెట్టారు. ఆకాశం నుంచి ఎప్పుడూ కురిసే కిరణాలు కొన్ని నామీద పడుతున్నాయి. తెర మీద నా మెరుపులు చక్కగా గీతలు గీస్తున్నాయి. “బాగానే ఉంది హైమా-సాన్,” అన్నాడు మొరిటా. సాన్ అంటే వాళ్ల మాటలో గారు అని.

హైమ జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి, నా తోక వైపు వేడిగాలి పట్టింది. నాలుగు నిమిషాలు. గీతలు పొట్టివయ్యాయి. మరో నిమిషానికి తెర చదునుగా, చెరువు మీద గాలి ఆగినట్టు అయిపోయింది. నేను మెరుస్తూనే ఉన్నాను. ఒట్టు, మెరుస్తూనే ఉన్నాను. కబురే అందడం లేదు.

హైమ గాలి ఆపేసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మొరిటా లేచి, నడుం పూర్తిగా వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

“ఆ జిగురు పెట్టింది నేను. మీ ఆరేళ్లూ నేనే పాడుచేశాను,” అన్నాడు.

“లేవండి మొరిటా-సాన్, నా మాట వినండి. మీరు ఎనిమిది వేలు అంటించారు. ఊడింది ఒకటి.” అని ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైపోయింది. ముసలాయనకు ఏం చేయాలో తోచక, తన జేబు రుమాలు మడతలు విప్పి మళ్లీ మడిచి ఆమెకు అందించాడు.

ఆ సాయంత్రం ఆమె సుభానీ గారికి ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. మరుసటి రోజూ ఎత్తలేదు. వాళ్లమ్మ మాత్రం ఎత్తింది.

“అమ్మా, దొరికిందనుకున్నది దొరకలేదే,” అంది హైమ.

అటు నుంచి కార్ఖానా రొద. “అయితే అందరికీ సెప్పీసినాను కదే. ఇప్పుడేటి సెయ్యాల?”

“నేనూ అదే చెయ్యాలమ్మా. అందరికీ చెప్పాలి.”

“సెప్పీ మరి. పుచ్చుపప్పు డబ్బాలో ఏసి మూతెట్టీస్తామేటి?”

మూడో రోజు పరిశోధక బృందం సమావేశం. నాలుగు దేశాల నుంచి తెర మీద ముఖాలు. ఆమె బొమ్మ చూపించింది, తేదీలు చూపించింది, చదునైపోయిన నా గీతలు చూపించింది. “పదకొండులో ఆరు ఈ రాయి చెప్పకపోవడం వల్ల వచ్చినవి. మిగిలినవి ఐదు, నాలుగు రావచ్చన్న చోట అది తేడా కాదు. మనం ఏమీ చూడలేదు,” అని ముగించింది. తెర మీద సుభానీ గారి ముఖం కూడా ఉంది. అందరూ మాట్లాడుతుండగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ముందుగా వెళ్లిపోయారు.

ఆ పెద్ద సభలో హైమ చదివిన పత్రం, అలా విరగడం ఇన్ని కోట్లలో ఒకటి కంటే ఎక్కువ కాదని మాత్రమే చెప్పింది. కనిపెట్టామంటే చప్పట్లు మోగుతాయి. ఎంతకు మించి లేదో చెబితే తలలు ఊపుతారు. ఆ ఏడాది ఆమెకు రావలసిన ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. రెండేళ్లకు హైదరాబాదులోనే దొరికింది. అప్పుడు ఆమె మొరిటాకు ఉత్తరం రాసి నన్ను పంపమని అడిగింది. కొత్త యంత్రంలోకి నన్ను ఎలాగూ తీసుకోలేదు. ఆయన చీలికకు మళ్లీ జిగురు పెట్టి, తేమ తగలకుండా నాలుగు పొరల్లో చుట్టి పంపించాడు.

ఇప్పుడు నేనుండేది ఆమె విద్యార్థులకు పాఠం చెప్పే గదిలో, నల్లగుడ్డ కప్పిన పెట్టెలో. ఆకాశం నుంచి కిరణం పడినప్పుడల్లా పక్కనున్న డబ్బా టిక్కుమంటుంది. ఏ తొందరా లేని, ఏ గురీ లేని టిక్కులు. ఈ మగతే నాకు బాగుంది.

మొన్న ఒక మధ్యాహ్నం సుభానీ గారు వచ్చారు. పదవి వదిలి మూడేళ్లయింది. ఆ సమావేశం తరువాత వాళ్లిద్దరి మధ్యా కాగితాల మీద మాటలే తప్ప నోటి మాట పెద్దగా లేదు. గుమ్మంలో నిలబడి, “ఇదేనా అమ్మా?” అన్నారు.

“ఇదే సార్.”

వచ్చి, నల్లగుడ్డ మీద అరచెయ్యి పెట్టారు. ఇన్నేళ్లు తిట్టుకున్నదాన్ని ఇలా తాకుతారని నేననుకోలేదు.

“ఆ రోజు ఫోనెత్తలేదు నేను,” అన్నారు. “ఎత్తితే, చెప్పొద్దని బతిమాలతానేమోనని భయమేసింది. నువ్వు వినేదానివి కాదులే. కాని బతిమాలానన్న సంగతి మనిద్దరి మధ్యా ఉండిపోయేది.”

హైమ ఆయనకు కుర్చీ లాగింది. కూర్చున్నారు.

“మిగతా ఐదూ ఉన్నాయిగా,” అన్నారు కాసేపటికి. “వాటిల్లో నాలుగు ఉత్తవే అయ్యుంటయ్యి. కాని ఒకటి నిజంది అయ్యుండొచ్చమ్మా.”

“అయ్యుండొచ్చు సార్. అదేదో మనకెప్పటికీ తెలీదు.”

“తెలీదు,” అన్నారాయన. ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముఖంలో బాధ లేదు. పిల్లవాడికి పండగ ఇంకా వారం ఉందని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది.

టిక్. కొంచెం ఆగి, టిక్. ఇద్దరూ వింటూ కూర్చున్నారు.