శశికళ వదిన మంచు ఫొటో

1984 ఫిబ్రవరిలో మా వదిన శశికళ న్యూజెర్సీ నుంచి కొలరాడో వచ్చింది మమ్మల్ని చూడటానికి కాదు, మంచులో పట్టుచీరతో ఫొటో దిగడానికి. టొరంటోలో ఉన్న ఆవిడ తోడికోడలు విద్య అలాంటి ఫొటో ఒకటి చుట్టాలందరికీ పంపింది. అందులో విద్య వెనక చెత్త డబ్బా కూడా పడిందట. వదినకు కొండ కావాలి, అడుగు పడని మంచు కావాలి.

కొండదారి మీద మంచు ఎప్పుడు జారిపడుతుందో చెప్పడం నా ఉద్యోగం. రోజూ మంచులో గొయ్యి తవ్వి పొరలు చూస్తాను. ఎనిమిదేళ్లయినా బంధువుల్లో ఒక్కరికీ ఇదొక ఉద్యోగంలా కనిపించదు. "గోతులు తవ్వడానికి ఎమ్మెస్సీ ఎందుకండీ?" అని వదిన భర్త, మా తోడల్లుడు కృష్ణమూర్తిగారు కారులో రెండుసార్లు అడిగారు. నాకు ఒళ్లు మండింది.

కొండకు దూరంగా కారు ఆపి, వాళ్ల కళ్లముందే గొయ్యి తవ్వాను. పైన గట్టి మంచు పలక. అడుగున జానెడు మందాన పంచదారలాంటి పొడి మంచు. గుప్పిట్లో పట్టుకుంటే రాలిపోతోంది.

"చూశారా వదినగారూ, కింది పొరకి బలం లేదు. ఇక్కడ అడుగేస్తే అక్కడ కొండ మీది మంచంతా కదలొచ్చు. రోడ్డు మీదే నిలబడండి."

"రోడ్డు విద్యకీ ఉంది మరిదిగారూ. జస్ట్ నాలుగడుగులు. మీరు మరీ వర్రీ అవుతారు!"

ఎర్ర రిబ్బను అడ్డంగా కట్టాను. పార కారులో పెట్టి వెనక్కి తిరిగేసరికి, ఆవిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రిబ్బను దాటేసింది.

మంచు లోపల ధబ్బుమంది. ఆవిడ కాళ్ల దగ్గర పుట్టిన సన్నటి పగులు కొండ వైపు పాకింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"వదినగారూ, వచ్చేయండి!"

ఆవిడ కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏంటా సౌండు? నేనంత లావుగా ఉన్నానా?"

"లేదండీ! మీరు సన్నగా ఉన్నారు! తప్పంతా మంచుదే! పరిగెత్తండి!"

సన్నగా అన్నాకే పరిగెత్తింది. కొండ పైన మంచు పలక విరిగింది. తెల్లటి దుమ్ము హోరుమంటూ దిగి, గోతినీ రిబ్బన్నీ కప్పేసి, కారుకు పది గజాల దూరంలో ఆగింది. వదిన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. కృష్ణమూర్తిగారు మాత్రం కెమెరా దించలేదు.

ఫొటోలో చీర చెంగు గాల్లో ఉంది, వదిన నోరు బార్లా తెరుచుకుని ఉంది, వెనక కొండంతా కూలుతోంది. ఆ కాపీలు చుట్టాలందరికీ వెళ్లాయి. వారం తిరక్కుండా టొరంటో నుంచి నాకు ఫోన్.

"అన్నయ్యగారూ, మాది పడిపోయిన మంచు, అక్కది పడుతున్న మంచు," అంది విద్య ఏడుపు గొంతుతో. "మార్చిలో మేమూ వస్తున్నాం. అప్పటిదాకా ఆ కొండని ఎవరికీ ఇవ్వకండి, ప్లీజ్!"

మర్నాడే చెక్క మీద పెద్ద తెలుగు అక్షరాలు రాశాను: "చీర ఫొటోల కోసం ఈ బోర్డు దాటరాదు." ఎంత మంచు జారినా చేరలేని చోటు వెతికి, కార్లు ఆపే స్థలం పక్కన పాతాను.

ఇప్పటికి పదకొండు కుటుంబాలు ఆ బోర్డును ఆనుకుని ఫొటోలు దిగాయి. ఒక్కరూ దాటలేదు. వెనక చెత్త డబ్బా మాత్రం చక్కగా పడుతోంది.